తిరుగుబంతి

కొన్ని సంవత్సరముల క్రిందట హైదరాబాదులో జరిగిన ఒక బాస్కెట్‌బాల్ పోటీకి వ్యాఖ్యానము చెప్పు పని నాకు తటస్థించెను. కోర్టు ప్రక్కన ఒక బల్ల, బల్లమీద మైకు, ఎదుట పదిమంది ఆటగాండ్రు. బంతి ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోవుచుండగా చెప్పుట అంత కష్టము కాదు; కొలది దినములలో నాలుకకు అలవడును. "బంతిని రింగువైపు విసరినాడు, తప్పిపోయినది" అనునంతవరకు నా మాట బంతితో సమముగానే నడచెను. ఆ తరువాత మాత్రము ప్రతిసారియు నా గొంతు ఒక్క క్షణము ఆగిపోయెడిది. రింగు క్రింద ఆరేడు చేతులు ఒక్కసారిగా పైకి లేచును. ఏ చేయి ఎవరిదో పోల్చుకొనులోపలనే బంతి ఎవరికో చిక్కి, ఆట కోర్టు రెండవ కొసకు పరుగెత్తుచుండెడిది. నేను ఆయాసపడుచు దానిని వెంబడించెడివాడను.

శాలిబండలో నాకు తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉన్నారు. రేడియో పెట్టినచో చివరివరకు వినువారు. తప్పు దొరకినచో విడువనివారు. మరునాడు నన్ను చూచి, "అయ్యా, గురి తప్పినవాని పేరు చెప్పితిరి. తప్పిన బంతిని పట్టినవాని పేరు ఒక్కసారియైనను చెప్పితిరి కారు. వాడు ఆటలో లేడా?" అని అడిగిరి. నేను నవ్వి ఊరకుంటిని. వారు నవ్వలేదు. వారి మనుమనికి పదునారేండ్లు, ఎత్తు అయిదడుగుల అయిదంగుళములు. "నీవు పొట్టివాడవు, రింగు క్రింద నీకేమి పని?" అని బడిలో జట్టునుండి తప్పించినారట. పిల్లవాడు బూట్లను అటకమీదికి విసరివేసి, మూడు దినములు ఎవరితోను మాటలాడలేదట. "తప్పిన బంతి పొడుగువారి సొత్తేనా? తెలిసినవారు గదా, చెప్పుడు" అని వారు నన్ను నిలదీసిరి. తెలిసినవాడననుకొని మైకు ముందు కూర్చుండిన నాకు ఆనాడు సమాధానము తోచలేదు. తరువాత శిక్షకులను అడిగి, కోర్టు అంచున నిలిచి చూచి తెలిసికొన్నదే ఈ ప్రసంగము.

రింగులో పడక తిరిగివచ్చు బంతిని ఆటగాండ్రు రీబౌండు అందురు. మన వాడుకకు తిరుగుబంతి యనవచ్చును. ఈ తిరుగుబంతి మొదటి ఆటలో ఇప్పటివలె లేదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, వై.ఎం.సి.ఏ. శిక్షణశాలలో ఉపాధ్యాయుడైన జేమ్స్ నైస్మిత్ అను నతడు చలికాలమున నాలుగు గోడల నడుమ ఆడదగిన ఆట ఒకటి కల్పించెను. పీచుపండ్ల బుట్టలను రెండింటిని తెచ్చి, వ్యాయామశాల మేడవసారా కమ్మీలకు పది అడుగుల ఎత్తున కొట్టించెను. బుట్టల వెనుక బోర్డు లేదు. మేడమీద నిలిచి చూచు ప్రేక్షకులు తమకు ఇష్టమైన జట్టుకు తోడుపడుటకై వంగి, వచ్చు బంతిని చేతులతో త్రోయసాగిరి. ఆ చేతులకు అడ్డుగా కొలది సంవత్సరములలోనే బుట్ట వెనుక తెర యొకటి కట్టిరి. అదియే నేటి బోర్డు. ప్రేక్షకుల అల్లరిని ఆపుటకు కట్టిన తడిక ఆటకే క్రొత్త విద్య నొకదానిని తెచ్చిపెట్టెను. బోర్డునకు తగిలిన బంతి మరల కోర్టులోనికి వచ్చుట మొదలిడెను. వచ్చు బంతికై పోరాటమును మొదలాయెను. మన దక్షిణదేశమున 1920లో మద్రాసులో హెచ్.సి. బక్ స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల ఇట్టి ఆటలను బడులకు చేర్చిన ముఖ్యస్థానములలో ఒకటి.

ఇక లెక్క చూతము. రింగు లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు. పురుషుల బంతి అడ్డుకొలత సుమారు 24 సెంటీమీటర్లు. రెండు బంతులను ప్రక్కప్రక్కన పెట్టినచో రింగులో కొద్దిలో పట్టవు. భూమికి 3.05 మీటర్ల ఎత్తున, అడ్డముగా చేతులు చాచి ఎదుటివాడు ఎగురుచుండగా, పరుగుమీద నున్నవాడు ఇంత సందులోనికి బంతిని వేయవలెను. ప్రపంచప్రసిద్ధులైన వృత్తి ఆటగాండ్రు సయితము విసరిన షాట్లలో సగమునకు కొంచెము తక్కువగానే వేయగలుగుచున్నారు. మన బడిపిల్లల సంగతి చెప్పనేల? అనగా ఒక పోటీలో లోపల పడు బంతులకంటె తిరిగివచ్చు బంతులే ఎక్కువ. వానిని పట్టుకొన్న జట్టు ఎదుటివారికి ఒక అవకాశమును లేకుండ చేయును, లేదా తనకు మరియొక అవకాశమును సంపాదించుకొనును. ఇంతటి సంగతి జరుగుచుండగా నేను మైకు ముందు ఊపిరి పీల్చుకొనుచుంటినన్నమాట!

పెద్దమనిషి ప్రశ్నకు సమాధానము నాకు మొదట దొరకినది కోర్టులో కాదు, సంక్రాంతినాడు మేడమీద. పాతబస్తీలో సంక్రాంతి అనగా పతంగుల పండుగ. ధూల్‌పేటలో కట్టిన పతంగులు చార్మినారు చుట్టుప్రక్కల మేడలన్నింటిమీదను ఎగురును. పైన ఎగురవేయువారి ఆట ఒకటి. క్రింద వీధిలో తెగిన పతంగిని పట్టువారి ఆట మరియొకటి. ఈ రెండవ ఆట చూచితిరా? పొడుగు కర్రకు ముండ్లకంప కట్టుకొని తిరుగు పిల్లలు కొందరు ఉందురు. వారికే అన్ని పతంగులును చిక్కవలెను గదా? అట్లు జరుగదు. వారిలో పెక్కుమంది పతంగి తలపైకి వచ్చినంతవరకు నోరు తెరచి ఆకాశమును చూచుచుందురు. ఇంకొక పిల్లవాడు, చేతిలో కర్రయే లేనివాడు, మాంజా తెగిన క్షణముననే గాలి ఎటు వీచుచున్నదో చూచి, అది ఏ సందులో దిగునో లెక్కవేసి, ముందుగా పోయి అక్కడ నిలుచును. మిగిలినవారు వచ్చునప్పటికి సందు ఇరుకు, వాడు నడుమ. పతంగి వాని చేతిలోనే వాలును. తిరుగుబంతి విద్య సగము ఇదియే. కర్ర పొడవు పనికిరాదని కాదు. గాలి తెలియనివానికి కర్ర పొడవు అంతగా పనికిరాదు.

బంతికిని ఒక గాలివాటు ఉన్నది. కుడి మూలనుండి విసరిన బంతి తప్పినచో అది ఎక్కువగా ఎడమ ప్రక్కకు పోవును. ఎడమ మూలనుండి వచ్చినది కుడి ప్రక్కకు. విసరినవాని వైపునకే మరలివచ్చునవి తక్కువ. ఎదుటనుండి విసరినది తరచుగా ముందుకే వచ్చి పడును. దగ్గరి షాట్ తప్పినచో బంతి రింగు వద్దనే దిగును. దూరపుది దూరముగా ఎగసిపోవును. ఎత్తుగా వంపు తిరిగి వచ్చిన బంతి రింగుమీద తడబడి అక్కడనే జారును. బల్లపరుపుగా వేగముతో వచ్చినది రాయి తగిలినట్లు చిమ్ముకొనిపోవును. అంతర్జాతీయ నియమములలో 1984లో మూడు పాయింట్ల గీత వచ్చినది. అది మొదట 6.25 మీటర్ల దూరమున ఉండెను, 2010నుండి 6.75 మీటర్లకు జరిగినది. దూరపు షాట్లు పెరిగినకొలది దూరముగా పడు తిరుగుబంతులును పెరిగినవి. ఇది పొట్టివారికి కలిసివచ్చిన సంగతి, ఏలయనగా అట్టి బంతి పొడుగువారి గుంపును దాటి వెలుపల దిగును.

ఆట మొదలుకాకముందే చూడవలసినది మరియొకటి కలదు. ఆరడుగుల ఎత్తునుండి విడిచిన బంతి నాలుగడుగులకు పైచిలుకు లేచునట్లు గాలి నింపవలెను. గాలి ఎక్కువైన బంతి రింగునుండి దూరముగా చిమ్మును. తక్కువైనది చచ్చినట్లు పడును. రింగు కొన్ని కోర్టులలో బిగువుగా, కొన్నింట వదులుగా ఉండును. తెలివిగల పిల్లవాడు పోటీకి ముందు తాను విసరుట మాని, పది నిమిషములు ఇతరులు విసరిన బంతులు ఎట్లు తిరిగివచ్చుచున్నవో చూచుచుండును. చూచువారికి సోమరిగా కనబడవచ్చును. కనబడనిండు.

గాలివాటు తెలిసిన తరువాత చోటు. ఇక్కడనే పొట్టివానికి న్యాయస్థానము ఉన్నది. బాస్కెట్‌బాల్ నియమముల ప్రకారము ఎదుటివానిని త్రోయకుండ ముందుగా చేరుకొన్న ఆటగానికి ఆ చోటుపై హక్కు కలదు. ఆ చోటికి నిలువుగా పైనున్న ఆకాశముపైనను హక్కు కలదు. ఎంత పొడుగువాడైనను అతని వీపు మీదుగా వంగి పడినచో ఫౌల్ అగును. కాబట్టి బంతి రింగునకు తగులులోపలనే ఎదుటివానికిని రింగునకును నడుమ నీ దేహమును నిలుపుకొనవలెను. ఫ్రీ త్రో వేయునప్పుడు గమనింపుడు: రింగునకు అతిసమీపములోని రెండు చోట్లును అడ్డుకొను జట్టుకే ఇత్తురు. చోటు విలువ ఎంతటిదో ఆట నియమములే ఒప్పుకొన్నట్లున్నది.

ఇది చేయు విధము వినుటకు సులభము. షాట్ ఎగిరిన క్షణమున అందరి కన్నులును బంతిని వెంబడించును. అదియే మొదటి తప్పు. మొదట చూడవలసినది బంతిని కాదు, నీ ప్రక్కనున్న ప్రత్యర్థిని. అతడు ఎటు అడుగు వేయుచున్నాడో చూచి, ఆ అడుగుకు ఎదురుగా పోయి, ముంజేతిని అతని రొమ్మునకు ఆనించి, ఒక పాదముపై తిరిగి వీపును అతనివైపు పెట్టవలెను. పాదములు భుజములకంటె వెడల్పుగా, మోకాళ్లు వంచి, నడుము క్రిందికి దించి, బావిగట్టున బరువైన చేద లాగువానివలె నిలువవలెను. మోచేతులు ప్రక్కలకు, అరచేతులు పైకి. ఇప్పుడు వెనుకవాడు ఎటు కదలినను నీ వీపునకు తెలియును. కన్నులు అప్పుడు బంతివైపు తిరుగవలెను. పట్టుట, త్రోయుట రెండును కూడవు. చేతులతో వెనుకవానిని బిగించి పట్టినచో నీకే ఫౌల్. ఇదంతయు ఒకటిన్నర క్షణములో జరుగవలెను. ఇచ్చట నడుము దిగువగా నున్నవానికి లాభమే గాని నష్టము లేదు. పొడుగువానిని వెనుకకు నెట్టుకొనిపోవుటకు అతని తొడల ఎత్తున తగులు వీపుకంటె మంచి సాధనము లేదని ఒక శిక్షకుడు నాతో అనెను.

తరువాతనే ఎగురుట. బంతి దిగివచ్చి నెత్తిమీద పడువరకు ఆగరాదు. చేతులు పూర్తిగా చాచినప్పటి ఎత్తున దానిని కలిసికొనవలెను. ఒంటిచేతితో తట్టుట చూచుటకు బాగుండును. రెండు చేతులతో పట్టుట పనికివచ్చును. పట్టిన వెంటనే బంతిని గడ్డము క్రిందికి లాగి, మోచేతులను వెడల్పుగా నుంచవలెను. నడుము వరకు దించినచో చిన్నవాడు వచ్చి తన్నుకొనిపోవును. పొడుగువారు పట్టిన బంతులను పొట్టివారు సంపాదించు మార్గములలో ఇదియు ఒకటి; కనుక మన పిల్లవాడు దీనిని రెండు వైపులనుండియు నేర్చుకొనుట మంచిది.

నేలకు దిగుట గురించి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. మన నగరమున కొయ్య పరచిన కోర్టులు కొద్ది. పిల్లలు ఆడునవి చాలవరకు సిమెంటు నేలలు. సిమెంటు క్షమింపదు. ఒంటికాలిపై, మోకాలు బిగబట్టి దిగినవాడు ఆనాడు లేచి నడచిపోయినను, తరువాత దాని వడ్డీ చెల్లించును. రెండు పాదములపైనను, మునివ్రేళ్ల వైపునుండి మడమకు బరువు చేరునట్లుగా, మోకాళ్లు వంచి, చప్పుడు లేకుండ దిగవలెను. చప్పుడు వినబడినచో దిగుట సరిగా లేదని గుర్తు. ఇది మావంటి చెవి వృత్తివారు చెప్పదగిన సలహా. దిగునప్పుడు మోకాళ్లు లోపలికి ఒరుగుట మరియు ప్రమాదము. మోకాటి లోపలి స్నాయువు తెగుట బాలురలోకంటె బాలికలలో అధికమని వైద్యులు గమనించియున్నారు. ఆడపిల్లలకు ఎగురుట నేర్పుటకు ముందే దిగుట నేర్పవలెను. అరిగిన అడుగులుగల బూట్లతో, నీళ్లు నిలిచిన నేలపై ఆడనీయరాదు. ఈ విషయమున తల్లిదండ్రులు మొగమాటపడనక్కరలేదు.

ఎత్తు విషయమునకు మరల వత్తము. అమెరికా వృత్తి ఆటలో ఒక పోటీలో అత్యధికముగా తిరుగుబంతులు పట్టినవాడు విల్ట్ చాంబర్లెయిన్. అతని ఎత్తు ఏడడుగుల ఒక అంగుళము. 1960 నవంబరు 24న అతడు 55 పట్టెను. ఎత్తు వలన ప్రయోజనము లేదని ఎవరైన అన్నచో ఈ సంఖ్యను చూపవచ్చును. కాని ఆనాటి పోటీలో గెలిచినది అతని జట్టు కాదు. బిల్ రస్సెల్ ఆడిన బోస్టన్ జట్టు. ఇక డెన్నిస్ రాడ్‌మన్ ఉన్నాడు. ఆ పొడుగువారి లోకములో ఆరడుగుల ఏడంగుళములు రింగు క్రింది ఆటగానికి తక్కువ ఎత్తే. అయినను 1992 మొదలు 1998 వరకు వరుసగా ఏడు సంవత్సరములు తిరుగుబంతులలో అతడే ప్రథముడు. అతడు స్నేహితులచేత వేరువేరు చోట్లనుండి బంతి విసరించి, అది ఏ తీరున తిరుగుచు పోవుచున్నది, ఎక్కడ తగిలి ఎటు చిమ్ముచున్నది అని చూచుచు గడపెడివాడట. పతంగులవాడే! అతని కేశములకు వేసిన రంగులనుగూర్చి పత్రికలు వ్రాసినంత ఈ అభ్యాసమునుగూర్చి వ్రాయలేదు.

అయిదడుగుల అయిదంగుళముల పిల్లవాడు రాడ్‌మన్ కాగలడని నేను చెప్పుట లేదు. ఏడడుగులవానితో సమముగా ఎగురగలడనియు చెప్పను. అట్టి మాట ఆ పిల్లవానికి మేలు చేయదు. ఎవ్వరికిని అందక నేలకు తగిలిన బంతి, రెండు చేతులనడుమ జారిన బంతి, దూరముగా ఎగసిన బంతి ఎన్నియో ఉన్నవి; వాని విషయమున ఎత్తుకు ప్రత్యేక హక్కు లేదు. అంతేకాదు. తాను పట్టకపోయినను, ఎదుటి జట్టులోని పొడుగువానిని తన వీపుతో వెలుపలనే ఆపగలిగినచో, బంతి తన జట్టువాని చేతిలో పడును. లెక్కపుస్తకములో వ్రాయునది ఆ జట్టువాని పేరే. ఇది కొంత అన్యాయమే. కాని జట్టు గెలుచుటకు అది చాలును.

ఇంటివద్ద అభ్యాసమునకు ఖర్చు లేదు. పాతబస్తీ ఇండ్లలో పెరడు చిన్నది, గోడ పెద్దది. ఆ గోడకు బంతిని ఎత్తుగా విసరి, ఎగిరి, చేతులు చాచిన ఎత్తున రెండు చేతులతో పట్టుట ఒక అభ్యాసము. ప్రక్కింటివారు మధ్యాహ్నము నిద్రపోవు వేళ మాత్రము వలదు. ఇద్దరు పిల్లలున్నచో నేలపై బంతిని పెట్టి, ఒకడు దానిని తాకుటకు ప్రయత్నింపగా రెండవవాడు వీపుతో అడ్డగించుచు అయిదు లెక్కించువరకు నిలుపవలెను. ఈ ఆటకు రింగైనను అక్కరలేదు. మూడవది అన్నింటికంటె తేలిక, అందుచేతనే ఎవరును చేయరు. ఇతరులు విసరుచున్నప్పుడు ప్రక్కన నిలిచి, బంతి గాలిలో ఉండగానే "కుడి", "ఎడమ", "ముందు" అని బిగ్గరగా చెప్పవలెను. మొదటివారము సగము తప్పును. నెల గడచునప్పటికి కన్ను తనంతట తానే చెప్పసాగును.

బంతి దొరకిన తరువాత ఏమి చేయవలెనో తెలియకున్నచో పట్టిన శ్రమ వ్యర్థము. అడ్డుకొను జట్టువాడు పట్టినచో రింగు క్రింద గుంపులోనే బంతిని కొట్టుకొనుచు తిరుగరాదు. దగ్గరి ప్రక్కగీతవైపు నిలిచిన తనవానికి వెంటనే అందీయవలెను. దాడిచేయు జట్టువాడు పట్టినచో, గడియారము మరల 14 సెకనులకు తిరుగునని గుర్తుంచుకొనవలెను. 2014నుండి అంతర్జాతీయ పోటీలలో ఇదియే నియమము. పూర్వము మొత్తము 24 సెకనులు మరల దొరకెడివి. ఇప్పుడు తీరికగా ఆలోచించుటకు వీలులేదు.

శాలిబండ పెద్దమనిషికి ఇదంతయు చెప్పితిని. వారు అంతయు విని, అటకమీది బూట్లను తామే దింపించిరి. ఆ సంవత్సరము బడి జట్టులో పిల్లవానికి చోటు రాలేదు. అతడు సాయంకాలములందు చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండునకు పోయి, అక్కడ చేరిన పిల్లలతో ఆడుచుండెను. తాతగారు పాత క్యాలెండరు కాగితమును మడచి జేబులో పెట్టుకొని వెంట పోయెడివారు. మెట్లమీద కూర్చుండి, మనుమడు పట్టిన బంతికి ఒక నిలువుగీత, పట్టకపోయినను ప్రత్యర్థిని వెలుపల ఆపినచో ఒక అడ్డుగీత గీచుచుండెడివారు. ఒకనాడు ఆ కాగితమును నాకు చూపిరి. నిలువుగీతలు నాలుగు, అడ్డుగీతలు పదునొకండు. మనుమడు వేసిన పాయింట్లు ఎన్నియని నేను అడిగితిని. వారు కళ్లద్దములు సవరించుకొని, "అవి లెక్కపెట్టుటకు మీరున్నారు గదా" అనిరి.